నాలుగు బై పధ్నాలుగు

మా ఊళ్లో వీధిని వీధి అనరు, లైను అంటారు.
బ్రాడీపేట నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు.
ఆ మూల స్తంభం మీద నలభై తీగలుంటాయి.
ఏది చచ్చిందో ఏది బతికుందో
నాకు తెలుసు, దాని మీద కూర్చునే కాకులకి తెలుసు.

పైన పెంట్‌హౌసులో చిఫుండో.
మలావీ నుంచి ఫార్మసీ చదవడానికొచ్చిన పిల్ల.
మలావీ ఎక్కడో నాకు తెలీదు.
మా ఆఫీసు కంప్యూటర్‌కీ తెలీదు.
ఆధార్ అడిగింది. పన్నెండంకెలు కొట్టందే
కదలనని మొండికేసింది.
పాస్‌పోర్టు పెట్టాం. పేరు గడిలో పట్టలేదంది.
ఓటీపీ పంపుతానంది. దానికి సిమ్ము కావాలి.
సిమ్ముకి, ఈ ఊళ్లో ఎరిగున్న మనిషి నంబరు కావాలి.
ఆ పిల్ల ఎరిగిందల్లా
కింద కిరాణా కొట్టు పిచ్చేశ్వరరావుని,
నన్ను.

అట్లా ఆ కనెక్షను
షేక్ మస్తాన్‌వలి పేరు మీద నడుస్తోంది.

ఓనరు గోడకి కన్నం పెట్టనివ్వలేదు.
కొత్త రంగు, పైగా ఈశాన్యం అన్నాడు.
కిటికీ రెక్క మూలన తీగ దూరేంత చెక్కాను.
అందులోంచి చీమలొస్తున్నాయని
అద్దె రెండొందలు పెంచాడు.

మూడు తెలుగు మాటలొచ్చు ఆమెకి.
అన్నా. రెడ్డు. రేపు.
మొదటిది నేను.
రెండోది డబ్బా మీద మిణుకుమనే దీపం.
మూడోది, ఫోను పెట్టేసే ముందు
ఈ దేశంలో అందరూ చేసే చప్పుడని
చాన్నాళ్లు అనుకుందట.

ప్లాన్ల కాగితం చూపించా. వంద, రెండొందలు, మూడొందలు.
అడ్డంగా తలూపింది.
అరచెయ్యి బల్ల మీద పెట్టి
ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లగా జరిపింది.
ఇట్లా. ఆగకుండా.

ఎందుకో ఒక శనివారం తెలిసింది.
సన్న వాన. యార్డు వైపు నుంచి మిరప ఘాటు.
ఎలుక కొరికిన చోటు దొరికేసరికి చీకటి పడింది.
వెంట్రుకంత గాజు పోగు అది,
రెండు కొసలూ ఎదురెదురు పెట్టి కాల్చి అతకాలి,
తుమ్మితే మళ్లీ మొదటికే.
అతికి, మెట్లెక్కి వెళితే
డబ్బా మీద పచ్చగా ఉంది.

తెరలో ఎక్కడిదో రేకుల కప్పు చర్చి.
పన్నెండుమంది నిలబడ్డారు.
పదమూడో చోట కుర్చీ, కుర్చీ మీద ఫోను,
ఆ ఫోన్లో ఈ పిల్ల.
వాళ్లు పాడుతుంటే కింది స్వరం కలుపుతోంది.
దగ్గు మింగుకుని గుమ్మంలో ఆగిపోయా.

పాట ఇక్కడికి రావడానికి కాస్త,
ఈమె గొంతు అక్కడికి పోవడానికి కాస్త.
ఎప్పుడూ ఒక దరువు వెనకే.
దానికి మందు లేదమ్మా, చెప్పాలనుకున్నా,
సముద్రం కిందనుంచి పోవాలి కదా,
నా డ్యూటీ ఈ స్తంభం దాకానే.
అక్కడ చెయ్యూపే పెద్దాయన
చరణం చివర చెయ్యి గాల్లోనే ఉంచి
ఆగాడు.
పన్నెండుమందీ నోళ్లు తెరిచే ఆగారు,
బ్రాడీపేట నుంచి ఆ ఒక్క గొంతు చేరేదాకా.

పదహారేళ్లుగా తీగలు లాగుతున్నా.
నిమిషం రెడ్డొస్తే
నా ఏడు తరాల్ని తవ్విపోసిన కస్టమర్లే అందరూ.

మొన్న శుక్రవారం రాత్రి పదకొండింటికి ఫోను.
అన్నా, రెడ్డు.
కంచంలో పప్పన్నం కలుపుతున్నా.
రేపు, అని నోటిదాకా వచ్చింది.
రేపు శనివారం.
జమీలా ఏమీ అడక్కుండా కంచం మీద మూత పెట్టింది.

నిచ్చెన. నోట్లో టార్చి.
పైన కాకులు విసుక్కుంటూ పక్కకి జరిగాయి.
ఎడమనుంచి మూడోది.
కాదు, దాని కిందది.